మూడు లక్షల లోపు ట్రాక్ కారు: ఒక ఒంగోలు స్విఫ్ట్ కేసు

గుంటూరు కుర్రవాడు కుర్చీలో కూర్చోకముందే ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద ఎర్రటి వోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. "అన్నా, ఐదు లక్షల ఇరవై వేలు చెబుతున్నారు. నా దగ్గర ఐదు ఉన్నాయి. మీరు ఒక మాట చెప్పి ఆ ఇరవై తగ్గిస్తే రేపే తెచ్చుకుంటాను" అన్నాడు.

"ఆ ఐదు లక్షలు కారుకా, ట్రాక్‌కా?" అని అడిగాను. అర్థం కానట్లు చూశాడు.

2023 జనవరి సంగతి ఇది. విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. రోజువారీ పని మామూలు కార్ల సర్వీసే. ఏడాదికి మూడు నాలుగు సార్లు ట్రాక్‌కు వెళ్లేవాళ్ల బండ్లు సిద్ధం చేస్తాను, వీలైతే వెంట వెళ్తాను. ఈ కుర్రవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వయసు ముప్ఫై దాటలేదు. స్నేహితుడి బండి పక్క సీట్లో కూర్చుని ఒకసారి ట్రాక్ చుట్టి వచ్చాడు. అప్పటి నుంచి నిద్ర లేదు.

ట్రాక్ డే అంటే పందెం కాదు. ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, మన బండిని మూసి ఉన్న ట్రాక్ మీద పదిహేను ఇరవై నిమిషాల విడతలుగా నడుపుకుంటాం. బహుమతులు ఉండవు, ఎక్కడ పడితే అక్కడ ఓవర్‌టేక్ చేయనివ్వరు. మా వైపు వాళ్లకు దగ్గరి ట్రాక్ శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్వహిస్తుంది, 1990లో మొదలైంది. చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2.1 కిలోమీటర్లు. ఆ మరుసటి నెలలోనే హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది కానీ, అది రోడ్లు మూసి తాత్కాలికంగా వేసిన ట్రాక్. మన బండి తీసుకెళ్లి తిప్పుకునేది కాదు.

మా షెడ్డు నుంచి ఇరుంగాట్టుకోట్టైకి జాతీయ రహదారి 16 మీదుగా నెల్లూరు దాటి దాదాపు 450 కిలోమీటర్లు. ఈ కుర్రవాడికి ట్రెయిలర్ లేదు, బండిని లారీ మీద ఎక్కించే స్తోమత లేదు. అంటే కారు తన కాళ్ల మీద తాను వెళ్లాలి, రోజంతా ఉతికించుకోవాలి, మళ్లీ తన కాళ్ల మీదే ఇంటికి రావాలి. ఈ ఒక్క షరతుతో అతను దాచుకున్న ఫోటోల్లో సగం పక్కకు పోయాయి.

కాగితం తీసి ఐదు లక్షలను విడగొట్టాను. కారుకు మూడు. దాన్ని సరిచేయడానికి ఒకటి. మిగతా లక్ష ముట్టుకోకూడదు. ఫీజులకు, పెట్రోలుకు, టైర్లకు, బ్రేక్ ప్యాడ్లకు అది. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే వాళ్లను ఈ వ్యాపారంలో చాలామందిని చూశాను. ఉన్నదంతా కారు మీద పెట్టి, ఒక్కసారి ట్రాక్‌కు వెళ్లొచ్చి, టైర్లకు డబ్బు లేక బండిని అపార్ట్‌మెంట్ సెల్లారులో కవరు కప్పి ఉంచుతారు.

ఇంకొక ప్రశ్న కూడా అడిగాను. "ఈ బండి గోడకు కొట్టుకుంటే ఇంట్లో ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి?"

"నాన్నగారికి" అన్నాడు, కొంచెం ఆగి.

నవ్వుకోవడానికి అడిగింది కాదు. మన మోటార్ బీమా పాలసీలో బండి వాడకానికి పరిమితులు రాసి ఉంటాయి. వ్యవస్థీకృత పందాలు, వేగ పరీక్షలు అందులో మినహాయింపుల కింద వస్తాయి. ట్రాక్ మీద బండి దెబ్బతింటే కంపెనీ ఇస్తుందని లెక్క వేసుకోకూడదు. కాబట్టి అప్పు చేసి కొనవద్దన్నాను. వాయిదాలు నడుస్తున్న బండిని బ్రేక్ వేయాల్సిన చోట ఎవడూ ధైర్యంగా నడపలేడు.

అతని జాబితా, నా కత్తెర

పోలో జీటీ టీఎస్‌ఐ మంచి కారు, అందులో మాట లేదు. మొదట్లో వచ్చిన 1.2 లీటర్ల టర్బో ఇంజిన్‌కు 105 పీఎస్, అంటే దాదాపు అన్ని హార్స్‌పవర్ల బలం, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. కానీ దానికి ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. క్లచ్ పలకలు నూనెలో మునిగి ఉండవు కాబట్టి వేడి తొందరగా బయటికి పోదు. చెన్నై ఎండలో రోజుకు ఐదు విడతలు తిప్పడానికి, అదీ పాత బండితో, నేను సిఫారసు చేయను. పైగా ఆ ఎర్ర బండిని మొదటి యజమాని రీమ్యాప్ చేయించాడట, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి బలం పెంచాడు. అమ్మేవాడు దాన్ని గొప్పగా చెబుతున్నాడు. నాకు అది గంట కొట్టినట్లు వినిపించింది: పెంచిన బలంతో ఎన్నాళ్లు, ఎలా నడిపాడో ఎవరికి తెలుసు?

"అయినా స్విఫ్ట్ కంటే బలం ఎక్కువ కదా అన్నా" అన్నాడు. లెక్క వేసి చూపించాను. 2011లో వచ్చిన రెండో తరం స్విఫ్ట్ పెట్రోలుకు 87 పీఎస్, బరువు వెయ్యి కిలోల లోపు. పోలో బరువు పదకొండు వందల పైచిలుకు. టన్నుకు ఎంత బలం అని చూస్తే ఒకటి తొంభై, ఇంకొకటి తొంభై ఐదు. టర్బో టార్క్ వల్ల తిన్నటి దారిలో పోలో దూసుకుపోతుంది, ఒప్పుకుంటాను. బ్రేకుల దగ్గర, టైర్ల దగ్గర మాత్రం ఆ అదనపు బరువు ప్రతి చుట్టులో కూలి అడుగుతుంది.

తర్వాత అబార్త్ పుంటో. 145 హెచ్‌పీ, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. నాకూ నోరూరింది. కానీ ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపి ఏళ్లయింది. విడిభాగం కోసం ఊళ్లన్నీ ఫోన్లు చేయాలి. రోజూ నడిపే ఇంకో కారు ఉండి, ఓపికా డబ్బూ ఉన్నవాళ్లకు అది. ఈ శతాబ్దం మొదట్లో వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్ గురించీ అడిగాడు. ఆ ఇంజిన్ మోత వింటే నాకిప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. కానీ ఇరవై ఏళ్లు దాటిన బండి. తుప్పు, గట్టిపడిన రబ్బరు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అన్నీ నెత్తిన పడతాయి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు పునరుద్ధరణ ఫీజే 600 నుంచి 5,000 రూపాయలైంది, ఫిట్‌నెస్ పరీక్ష సరేసరి. మొదటి ట్రాక్ కారుగా ఇది కొంటే ట్రాక్ మీద కన్నా షెడ్డులో ఎక్కువ రోజులు ఉంటుంది. నాకు వ్యాపారం, అతనికి నష్టం.

బలెనో ఆర్ఎస్ దగ్గర నేనూ తడబడ్డాను. 2017లో వచ్చింది, ఒక లీటరు టర్బో, 102 పీఎస్, బరువు 950 కిలోలు, నాలుగూ డిస్కులే, మాన్యువల్ గేర్లు. కాగితం మీద ఇంతకంటే సరిపోయేది లేదు. ఆ వారం దొరికిన ఒకే ఒక్క బండికి ఐదున్నర లక్షలు చెప్పారు. ధర దగ్గరే ఆగిపోయింది. పెట్రోల్ ఎటియోస్ కూడా చూడమన్నాను. దానితో టయోటా మన దేశంలో పందాలే నడిపింది, గట్టి బండి. పది రోజులు వెతికితే కనిపించినవన్నీ ట్యాక్సీగా అరిగిన డీజిళ్లే.

అలా స్విఫ్ట్ దగ్గరకు వచ్చాం. అందులోనూ పై రకమైన జెడ్‌ఎక్స్‌ఐ కావాలని పట్టుబట్టాను. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది, 15 అంగుళాల అలాయ్ చక్రాలు ఉంటాయి. ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు బదులు చెయిన్ ఉంటుంది. ఏ భాగమైనా మా వీధి చివర దొరుకుతుంది, కొత్తది కాకపోతే పాతది. అసలు కారణం ఇదే. కుర్రవాడికి మాత్రం ఇది పెళ్లిచూపుల్లో రెండో సంబంధంలా ఉంది.

పైన పటారం, లోన లొటారం

మొదటి బండి ఒక కార్ల కన్సల్టెన్సీలో చూశాం. తెల్లగా మెరిసిపోతోంది, సీట్లకు కొత్త కవర్లు, మీటరులో 48,000. ధర మూడు లక్షల నలభై వేలు. కుర్రవాడు అప్పటికే స్టీరింగ్ నిమురుతున్నాడు.

నేను అద్దాలు చూశాను. ప్రతి అద్దం మూలన తయారీ సంవత్సరాన్ని చెప్పే గుర్తు ఉంటుంది. ఐదు అద్దాలూ 2013వి, డ్రైవరు పక్క ముందు తలుపుది మాత్రం 2019. ఒక అద్దం రాయి తగిలి కూడా పగలవచ్చు, దానితో తీర్పు చెప్పలేం. బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టులు చూశాను: తలల మీద స్పానర్ గీతలు, పెయింట్ లేచిపోయింది. రేడియేటర్ పట్టే అడ్డ పలక మీద కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరుసగా ఉండాలి. ఒక పక్క ఉన్నాయి, రెండో పక్క చేతి వెల్డింగ్ గీత. కుడి వైపు షాకబ్సార్బర్ తల కూర్చునే చోట సీలెంట్ వేలితో పూసినట్లుంది. టింకరింగ్ చేసినవాడు పనిమంతుడే, పెయింట్ అద్భుతంగా కలిపాడు. కానీ సస్పెన్షన్ పట్టుకునే చోటే ఒకసారి వంగి, లాగి నిలబెట్టిన బండి అది. ఊళ్లో తిరగడానికి పదేళ్లు పనికి రావచ్చు. మలుపులో భారమంతా మోసేది ఆ మూలే కాబట్టి ట్రాక్‌కు పనికిరాదు.

మీటరు సంగతి చెప్పనక్కర్లేదు. పెడల్ రబ్బర్లు అరిగి ఇనుము కనిపిస్తోంది. 48,000లో అలా అరగవు.

రెండోది ఒంగోలులో, ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి ఇంటి ముందు, వేపచెట్టు కింద. ఏపీ 27 బండి, 2012 జూన్‌లో రిజిస్టర్ అయింది. చూడగానే కుర్రవాడి ఉత్సాహం చచ్చిపోయింది. పైకప్పు రంగు వెలిసింది, నాలుగు మూలలా గేటు గీతలు, వెనక బంపర్ మీద ఎప్పటిదో సొట్ట. రంగు కూడా అతనికి నచ్చని బూడిద రంగు. ఆ రోజు తోడు వచ్చిన వాళ్ల నాన్నగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమండీ, మూడు లక్షలు పోసి ఈ బండి కొని, బయలుదేరిన చోటికే మళ్లీ మళ్లీ రావడానికి చెన్నై వెళ్లాలా?" అని నన్ను అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

మాస్టారు సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టారు. 71,000 కిలోమీటర్లు, బిల్లులతో సరిపోయింది. అద్దాలన్నీ ఒకే ఏడాదివి. స్పాట్ వెల్డింగ్ చుక్కలు చెక్కుచెదరలేదు. డిక్కీ చాప ఎత్తితే అడుగు పొడిగా ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాను. అందుకే ముందురోజే ఫోన్ చేసి, ఉదయం బండి తీయవద్దని మాస్టారిని కోరాను. ఆయిల్ మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ లేదు, అంటే లోపలి నుంచి పొగ తన్నుకు రాలేదు. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ కొలిస్తే నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే. రవాణా శాఖ యాప్‌లో ఫైనాన్స్ బకాయి కనిపించలేదు, చలానాలు రెండు ఉంటే మాస్టారు అక్కడే కట్టేశారు.

లోపాలు లేకపోలేదు. చక్రాన్ని బాడీకి పట్టే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు పగిలాయి, గతుకుల మీద టకటక మోత. షాకబ్సార్బర్లలో రెండు నూనె కక్కాయి. క్లచ్ పై అంచున పడుతోంది. ఒక ఇంజిన్ మౌంట్ కుంగింది. టైర్లు చూడటానికి గాడులు లోతుగా బాగున్నాయి కానీ పక్కన ముద్రించిన నాలుగంకెల గుర్తు ప్రకారం ఆరేళ్లవి, రబ్బరు రాయిలా ఉంది. ఇవన్నీ డబ్బుతో, రెండు రోజుల పనితో పోయే జబ్బులు. వంగిన ఛాసీ అలాంటిది కాదు.

మూడు లక్షల పది వేలు చెప్పారు. జబ్బుల జాబితా దాచకుండా చదివి వినిపించాను, ఒక్కటీ పెంచి చెప్పలేదు. రెండు లక్షల ఎనభై ఐదు వేలకు ఇచ్చారు. వెలిసిన పెయింట్ కుర్రవాడికి కనీసం ముప్ఫై వేలు మిగిల్చింది. ట్రాక్ మీద ఎదుటి బండి రేపే గులకరాళ్లకు కొత్త పెయింట్ అయినా పాత పెయింట్ అయినా ఒకటే.

పని, ఖర్చు, నా పొరపాటు

పేరు మార్పిడి, బీమా కలిపి 14,000 అయింది. షెడ్డులో నాలుగు షాకబ్సార్బర్లు, రెండు లోయర్ ఆర్మ్‌లు, ఇంజిన్ మౌంట్లు, క్లచ్ సెట్టు, ముందు డిస్కులు, ప్యాడ్లు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, నాలుగు కొత్త టైర్లు, కూలి, అన్నీ కలిపి 89,000. టైర్ల వాటాయే 26,000. మొత్తం 3,88,000 దగ్గర ఆగాం. ఇంజిన్ బలం పెంచడానికి ఒక్క రూపాయి పెట్టనివ్వలేదు. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ అంటూ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ బ్రేక్ ఆయిల్ గురించి ఉపన్యాసం ఇచ్చాను.

ఆ ఉపన్యాసం ఇక్కడా ఇస్తాను. గంటకు 140 నుంచి 70కి తగ్గితే వేగం సగమే తగ్గినట్లుంటుంది. కానీ శక్తి వేగపు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, నాలుగింట మూడు వంతుల శక్తి ఆ కొద్ది సెకన్లలో వేడిగా మారాలి. రోడ్డు మీద అలా రోజుకు ఒకసారి చేస్తామేమో. ట్రాక్ మీద ప్రతి చుట్టులో చేస్తాం. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీలు. గాలిలోని తేమ పీల్చుకున్నాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. మాస్టారి బండిలో ఉన్న నల్లటి ఆయిల్ ఎన్నేళ్లదో మరి. దాన్ని పూర్తిగా దింపి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ గొట్టాల్లోని గాలి తీసి, కొత్త డాట్ 4 పోశాను.

అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ని ప్యాడ్ల దగ్గర తప్పు చేశాను. మామూలు కంపెనీ ప్యాడ్లే వేశాను. తేలిక బండి, కొత్త కుర్రవాడు, మొదటి రోజు నెమ్మదిగానే నడుపుతాడులే అనుకున్నాను.

మార్చిలో వెళ్లాం. మొదటి విడత బాగానే గడిచింది. రెండో విడత నాలుగో చుట్టులో అతను వేగం తగ్గించి ట్రాక్ పక్కన బండ్లు ఆగే పిట్స్‌లోకి వచ్చేశాడు, ముఖం తెల్లబోయింది. చక్రాల దగ్గర కాలిన వాసన. "పెడల్ కిందకు పోయిందా, గట్టిగానే ఉందా?" అని అడిగాను. "గట్టిగానే ఉంది అన్నా, ఎంత తొక్కినా బండి ఆగడం లేదు" అన్నాడు. ఈ తేడా ట్రాక్‌కు వెళ్లే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందకు పోతే ఆయిల్ మరిగినట్లు. పెడల్ గట్టిగా ఉండి పట్టు లేకపోతే ప్యాడ్లు తమ వేడి హద్దు దాటినట్లు. ఇక్కడ ఆయిల్ నిలబడింది, నా ప్యాడ్లు నిలబడలేదు. చల్లారాక విప్పి చూస్తే పైభాగం గాజులా మెరుస్తోంది.

ఆ మధ్యాహ్నం నుంచి మూడు చుట్లు గట్టిగా, ఒక చుట్టు చల్లబరుస్తూ నడపమన్నాను. పిట్స్‌లోకి రాగానే హ్యాండ్ బ్రేక్ వేయవద్దన్నాను. కాగుతున్న షూలు డ్రమ్ములకు అతుక్కునే అవకాశం ఉంటుంది, గేరులో వదిలేస్తే చాలు. విజయవాడ వచ్చాక ఎక్కువ వేడికి తట్టుకునే ప్యాడ్లు తెప్పించాను. పొరపాటు నాది కాబట్టి కూలి తీసుకోలేదు.

మరికొన్ని సంగతులు ఆ రోజు తేలాయి. ట్యాంకులో పెట్రోలు పావు కంటే తగ్గాక పొడవైన మలుపుల్లో ఇంజిన్ తడబడింది. పెట్రోలు ఒక పక్కకు పోయి పంపుకు అందడం లేదు. సగానికి తగ్గకుండా చూసుకోమన్నాను. ఇంజిన్ ఆయిల్ విషయమూ అంతే, పుల్ల మీద పై గీత దాకా ఉండాలి. టైర్ల గాలి ఉదయం చల్లగా 30 పెడితే విడత అయ్యేసరికి 37 చూపించింది. మూడు పాయింట్లు దించితే బండి ముందు భాగం మలుపులో జారడం తగ్గింది. ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ నింపడం మరిచిపోకూడదు. ట్రాక్ గాలితో రాత్రిపూట రహదారి ఎక్కి అలాయ్ వంచుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇక్కడ బండ్లు గడియారపు ముల్లు దిశలో తిరుగుతాయి కాబట్టి ఎడమ ముందు టైరు బయటి భుజం మిగతా వాటికంటే ముందే అరిగింది. సాయంత్రం టైర్లు అటూ ఇటూ మార్చాం.

మొదటి విడతకూ చివరి విడతకూ మధ్య అతని చుట్టు సమయం తొమ్మిది సెకన్లు తగ్గింది. ఆ తొమ్మిదిలో బండి ఇచ్చింది ఒక్కటీ లేదు. మొదట్లో మలుపు మధ్యలో బ్రేక్ తొక్కేవాడు, చివరికి తిన్నటి దారిలోనే పని ముగించి మలుపులోకి ప్రశాంతంగా వచ్చాడు. 87 పీఎస్ బండిలో తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, పోయిన వేగం మళ్లీ తెచ్చుకోవడానికి బలం ఉండదు. టర్బో బండి ఆ తప్పును తిన్నటి దారిలో కప్పేస్తుంది. బలెనో దొరకనందుకు ఆ సాయంత్రం నేను బాధపడలేదు.

ఆ పర్యటనకు ఫీజు, పెట్రోలు, లాడ్జి, భోజనాలు కలిపి 31,000 అయింది. హెల్మెట్ విడిగా కొన్నాడు.

తర్వాతి ఏడాదిన్నరలో బండి మరో నాలుగు సార్లు వెళ్లొచ్చింది. రెండు జతల ప్యాడ్లు, ముందు టైర్లు రెండు, ఒక వీల్ బేరింగ్ మార్చాం. ప్రతి పర్యటనకూ ముందు బ్రేక్ ఆయిల్ కొత్తది. ఇంజిన్ విప్పలేదు. ఒకసారి మట్టిలోకి దిగి ముందు బంపర్ పగిలింది. ఆటోనగర్‌లోనే పాత బంపర్ దొరికింది, వేరే రంగుది. పెయింట్ వేయించమంటాడేమో అనుకున్నాను. "అలాగే ఉండనివ్వండి అన్నా" అన్నాడు.

ఆర్‌సీ గడువు 2027 జూన్‌లో ముగుస్తుంది. అప్పుడు పునరుద్ధరించాలా, అమ్మాలా అని ఇప్పటినుంచే లెక్కలు వేస్తున్నాడు. క్రితం వారం ఫోన్ చేసి, నెల్లూరులో ఒక బలెనో ఆర్ఎస్ నాలుగు లక్షల తొంభైకి ఉందని చెప్పాడు. అద్దాల మీద సంవత్సరాలు ఫోటో తీసి పంపమన్నాను. ఆరు ఫోటోలు వచ్చాయి, ఐదింట్లో ఒకే సంవత్సరం.